సముద్రము దాటి కొనిన సెల్‌ఫోను

శంషాబాదు విమానాశ్రయమున విదేశముల విమానము దిగిన ప్రతి రాత్రియు ఒక దృశ్యము కనబడును. బయట నిలిచియున్న బంధువులు వచ్చినవాని ముఖమును చూచి సంతోషించుటతోబాటు వాని చేతిసంచి వంకకును ఒకమాఱు దృష్టి సారింతురు. దుబాయినుండి వచ్చు కరీంనగరపు మేస్త్రీయైనను, డాలసునుండి వచ్చు గుంటూరి ఇంజనీరైనను ఈ దృష్టిని తప్పించుకొనజాలడు. “అన్నా, వచ్చేటప్పుడు ఒక ఫోను పట్టుకరా” అని ఒకచోట, “బావా, అక్కడ చవకటగా, నాకూ ఒకటి తెచ్చిపెట్టు” అని వేఱొకచోట నెల దినములు ముందుగనే కబురు పోయియుండును. పూర్వము విదేశమునుండి వచ్చువాడు గడియారమో, టేపురికార్డరో తెచ్చెడివాడు. నేడు ఆ స్థానమును సెల్‌ఫోను ఆక్రమించినది.

ఇది పత్రికలు వ్రాయదగిన విషయమా యని కొందఱు నవ్వవచ్చును. కాని ఈ చిన్న వస్తువు ధరలో మన పన్నుల పద్ధతియు, మన పరిశ్రమల స్థితియు, మన పౌరుల నిజాయితీయు కలిసియున్నవి. అందుచేత దీనిని గుఱించి వ్రాయుట మా విధియని తలంచితిమి.

మొదట లెక్క చూతము. 2025 సెప్టెంబరులో విడుదలైన ఐఫోను 17 ప్రో, 256 జీబీ రకమునకు మన దేశమున నిర్ణయింపబడిన ధర 1,34,900 రూపాయలు. అదే వస్తువునకు దుబాయిలో 4,699 దిర్హములు. అమెరికాలో 1,099 డాలర్లు. ఆనాటి మారకమున డాలరునకు సుమారు 88 రూపాయలు, దిర్హమునకు సుమారు 24 రూపాయలు వేసికొన్నచో దుబాయి ధర 1,12,776 రూపాయలగును. అమెరికా ధర 96,712 రూపాయలుగా కనబడును. కాని ఆ దేశపు అంగళ్లలో వ్రాసియుంచు ధరలో అమ్మకపు పన్ను చేరియుండదు. డాలసులో నూటికి 8.25 వంతుల పన్ను కలిపిన పిమ్మట అది దాదాపు 1,04,700 రూపాయలగుచున్నది. డెలావేరు, ఆరిగాను వంటి కొన్ని రాష్ట్రములలో మాత్రమే ఆ పన్ను లేదు.

దుబాయి ధరలో 2018 జనవరినుండి అమలులోనున్న నూటికి 5 వంతుల పన్ను ఇమిడియున్నది. యాత్రికుడుగా పోయినవాడు బిల్లును చూపి అందులో చాలభాగమును విమానాశ్రయమున తిరిగి పుచ్చుకొనవచ్చును. అచ్చటనే నివాసానుమతితో ఉండి ఎండలో గోడలు కట్టు మన కూలివానికి మాత్రము ఈ వాపసు లేదు. విహారమునకు పోయిన శ్రీమంతునకు తగ్గింపు, చెమటోడ్చిన శ్రామికునకు నిండు ధర! ఈ విచిత్రమును మనసునందుంచుకొని ముందునకు పోవుదము. ఇట్టిదే మఱియొకటి మన ఇంటనే ఎదురుకానున్నది.

ఇరువదివేల రూపాయలు కలిసివచ్చునని మురిసి కొనినవాడు మన దేశపు సుంకపుశాఖ ద్వారమునొద్దకు వచ్చును. ఆ ఫోను విడుదలైననాటికి అమలులోనున్న 2016 సంవత్సరపు సామాను నిబంధనలనుబట్టి విదేశమునుండి తిరిగివచ్చు మన పౌరునకు 50,000 రూపాయల విలువవఱకు వస్తువులను సుంకములేక తెచ్చుకొనుటకు వీలుండెను. ఒకరి మినహాయింపును వేఱొకరి మినహాయింపుతో కలుపుటకు ఆ నిబంధనలు ఒప్పుకొనలేదు. మించిన విలువపై ఉపపన్నుతో కలిసి నూటికి 38.5 వంతుల సుంకముండెను. దుబాయిలో 1,12,776 రూపాయలకు కొని పెట్టె విప్పక తెచ్చిన ఫోనుపై ఈ లెక్కను వేసిచూడుడు. మించిన 62,776 రూపాయలకు 24,169 రూపాయల సుంకము. వెరసి 1,36,945 రూపాయలు. అనగా ఇంటియొద్ద కొనినదానికంటె రెండువేలకు పైగా ఎక్కువ! చట్టమును పాటించిన పౌరునకు మిగిలినది మోతబరువు మాత్రమే. ఈ హద్దులను, రేట్లను ప్రభుత్వము సవరించుచుండును గనుక ప్రతి ప్రయాణికుడును తాను దిగునాటి నిబంధనను విమానమెక్కకముందే తెలిసికొనవలయును.

మఱి అందఱును ఇట్లు నష్టపడి తెచ్చుచున్నారా? లేదు. వాడుకలోనున్న స్వంత వస్తువులకు సుంకము లేదని ఆ నిబంధనలలోనే కలదు. కావున తెలివిగలవాడు అంగడి బయటనే పెట్టె చింపి, తన చీటిని అందులో వేసి, జేబున పెట్టుకొని పచ్చదారిన నడచి వచ్చును. అమాయకుడు చెల్లెలికొఱకు కొనిన ఫోనును పెట్టెతో, బిల్లుతో భద్రపఱచి తెచ్చి అధికారికి చిక్కును. నిజము చెప్పినవానికి శిక్ష, నేర్పుగలవానికి రక్ష! మేమిట్లు వ్రాయుట దొంగదారిని నేర్పుటకు గాదు. ఉన్నదానిని లేదని వ్రాసియిచ్చినవాని వస్తువు 1962 నాటి కస్టమ్సు చట్టమునుబట్టి స్వాధీనము చేసికొనబడవచ్చును, జరిమానా పడవచ్చును. అంతకంటె ముఖ్యమైనది, స్వతంత్ర దేశపు పౌరుడు తన ప్రభుత్వమునకు అబద్ధమాడుట తన్ను తాను మోసపుచ్చుకొనుటయే. పరప్రభుత్వము విధించిన ఉప్పుపన్నును ధిక్కరించినవారు దొంగచాటున ఉప్పు వండలేదు. పట్టపగలు పదిమంది యెదుట వండి చెఱసాలకు పోయిరి. అన్యాయమని తోచిన పన్నును బహిరంగముగా ప్రశ్నింపవలయునేకాని జేబులో దాచి దాటరాదు.

కాని చట్టము సైతము పౌరుని నిజాయితీని పరీక్షించునదిగాక పోషించునదిగా నుండవలయును. పదునెనిమిదేండ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ కంప్యూటరును సుంకములేక తెచ్చుకొనుటకు మన ప్రభుత్వము చిరకాలముగా అనుమతించుచున్నది. లక్ష రూపాయల లాప్‌టాపునకు లేని సుంకము సెల్‌ఫోనునకేల? లాప్‌టాపు విద్యకును, వృత్తికిని సాధనమనుట నిజమే. కాని నేడు మన రైతు ధాన్యపు ధరను, విద్యార్థి పరీక్షాఫలితమును, చిల్లరవర్తకుడు తనకు రావలసిన పైకమును చూచుకొనునది సెల్‌ఫోనులోనేగదా! పెద్దవాడైన ప్రయాణికునకు ఒక్క సెల్‌ఫోను, పెట్టెలోనున్నను పెట్టె వెలుపలనున్నను, సుంకములేక తెచ్చుకొను హక్కును స్పష్టముగా వ్రాసియిచ్చినచో అబద్ధమాడు అవసరమే పోవును. ఒకటికి మించి తెచ్చువానిని, వ్యాపారార్థము తెచ్చువానిని అప్పుడు నిర్దాక్షిణ్యముగా పట్టుకొనవచ్చును.

ఇంకొక సంగతి. విదేశములలో వృత్తి చేసి తిరిగివచ్చువారికి వారచట నివసించిన కాలమునుబట్టి, మూడు నెలలు మొదలుకొని, అదనపు మినహాయింపులు ఆ 2016 నిబంధనలలోనే చేర్చబడినవి. జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పోయిన మన సోదరులలో ఈ సంగతి ఎఱిగినవారెందఱు? తెలియని హక్కు లేని హక్కే. శంషాబాదున దిగువారిలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. సుంకపు నిబంధనలను పెద్ద అక్షరములతో, సులభమైన తెలుగున, ఉదాహరణలతో వ్రాసి సామాను తీసికొనుచోటనే కట్టించుటకు ఏపాటి వ్యయమగును?

ఇక ధర సంగతి అటుంచి, కొనిన వస్తువు ఇచ్చట పనికివచ్చునా యనునది చూడవలసియున్నది. 2022 నుండి అమెరికాలో అమ్మబడు ఐఫోనులకు చీటి పెట్టుకొను అరయే లేదు. లోపలనే ఇమిడియుండు ఇ-సిమ్ము మాత్రమే. 2025లో వచ్చిన 17వ శ్రేణి విషయమున దుబాయి, సౌదీ, ఖతారు, కువైటు, ఒమాను దేశములలోను ఇదే ఏర్పాటు. మన కంపెనీలును ఇ-సిమ్ము నిచ్చుచున్నవి గనుక పట్టణవాసికి ఇబ్బంది తక్కువ. కాని పాత ఫోనులోని చీటిని తీసి క్రొత్తదానిలో పెట్టుకొనుటయే ఎఱిగిన పల్లెటూరి తండ్రికి కొడుకు తెచ్చిన ఈ బహుమానము మొదటి దినముననే చిక్కుముడియగును. జపానులో అమ్ము ఫోనులలో అనేకము ఛాయాచిత్రము తీయునప్పుడు చప్పుడు చేయును. అమెరికాలో వాయిదాల పద్ధతిపై ఇచ్చు ఫోనులలో అనేకము బాకీ తీఱువఱకు ఆ కంపెనీ చీటితోడనే పనిచేయునట్లు బంధింపబడియుండును; చవకయని కొని తెచ్చినచో ఇచ్చట అద్దపు పలకయే. మన 5జీ సేవలో 700, 3300 మెగాహెర్ట్జుల శ్రేణులు ముఖ్యమైనవి. పరదేశపు రకమున ఆ తరంగములు కలవో లేవో చూచుకొనకున్న వేగమునకై పెట్టిన సొమ్ము వ్యర్థము. వస్తువు చెడిన యెడల ఉచితముగా బాగుచేయు హామీ అనేక కంపెనీల విషయమున కొనిన దేశమునకే పరిమితము. సుంకమునకు వెఱచి పెట్టెను, బిల్లును పాఱవైచినవానికి ఆ మాట అడుగుటకు సాక్ష్యము కూడ మిగులదు.

కావున విదేశమున కొనదలచినవారు బంధము లేని ఫోనునే, బిల్లుతో, కంపెనీవారి స్వంత అంగడిలోనో నమ్మకమైన వర్తకునియొద్దనో కొనవలయును. పెట్టెపైనున్న రకపు సంఖ్యనుబట్టి మన తరంగములను సరిచూచుకొనవలయును. *#06# నొక్కినచో వచ్చు పదునైదంకెల గుర్తింపుసంఖ్య పెట్టెపైనున్న దానితో కలియుచున్నదో లేదో చూడవలయును. పాతఫోను కొనువారు 2023లో మన ప్రభుత్వము ప్రారంభించిన సంచార్ సాథీలో ఆ సంఖ్యను పరీక్షించుట క్షేమము. బ్యాంకుకార్డుపై చెల్లించినచో మారకపు రుసుమును ధరలో కలుపుకొని లెక్కింపవలయును.

ఇంతవఱకు కొనువాని మాట. ఇప్పుడు అసలు విషయమునకు వత్తము.

దుబాయి అంగడిలో మన సోదరుడు మోజుపడి కొనిన ఆ వస్తువు ఎచ్చట తయారైనది? ఒకప్పుడీ ప్రశ్నకు చీనాయని ఒకటే సమాధానము. నేడట్లు గాదు. శ్రీపెరుంబుదూరున 2006లో ప్రారంభమైన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబరు 1వ తేదీన ఆగిపోయి వేలమంది కార్మికులను వీధిపాలు చేసినపుడు మన సెల్‌ఫోను పరిశ్రమ కథ ముగిసినదనుకొన్నవారు కలరు. కాని 2015లో మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారు షియోమీ ఫోనులను కూర్చసాగిరి. 2017లో బెంగుళూరున ఐఫోను కూర్పు మొదలైనది. 2023లో కోలారు జిల్లా నరసాపురపు ఫ్యాక్టరీ టాటావారి చేతికి వచ్చినది. ప్రభుత్వపు లెక్కలనుబట్టి 2014-15లో 18,000 కోట్ల రూపాయలుగా నున్న సెల్‌ఫోనుల ఉత్పత్తి 2024-25 నాటికి 5.45 లక్షల కోట్లకును, ఎగుమతి 1,500 కోట్లనుండి 2 లక్షల కోట్లకును పెరిగినవి. 17వ శ్రేణి ఐఫోనులు మన గడ్డపైనను కూర్పబడుచున్నవి, అమెరికాకు ఎగుమతియగుచున్నవి.

కనుక జరుగుచున్నదేమి? పల్లెలనుండి వచ్చి వసతిగృహములలో తలదాచుకొను యువతులు శ్రీపెరుంబుదూరున కూర్చిన ఫోను మద్రాసున విమానమెక్కి అమెరికా చేరును. అచ్చటి అంగడిలో తెలుగువాడొకడు దానిని చవకయని కొని, పెట్టెలో పెట్టుకొని, తిరిగి శంషాబాదున దిగును. మన బిడ్డలు చేసిన వస్తువు మనకంటె పరదేశికే చవక! 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్టణములకు వచ్చి స్వదేశివ్రతమును బోధించిననాడు మన పెద్దల దుఃఖము వేఱు. మన పత్తి ఓడనెక్కి లాంకషైరు పోయి బట్టయై తిరిగివచ్చెడిది. ముడిసరకు మనది, పనితనపు లాభము పరులది. నేడు పనితనము మనది, చవకదనము పరులది. నాడు పాలించినవారు పరులు గనుక నిందింప వీలుండెను. నేడు పాలించువారు మనవారే.

ఈ వ్యత్యాసమునకు కారణమేమి? మన ధరయగు 1,34,900 రూపాయలలో 20,578 రూపాయలు జి.ఎస్.టి. రెండు దేశముల పన్నులను తీసివేసి చూచినచో మన ధర సుమారు 1,14,300; దుబాయి ధర సుమారు 1,07,400. అనగా ఆ రెంటి నడుమ కనబడు ఇరువదిరెండువేల వ్యత్యాసములో మూడింట రెండు వంతులకు పైగా పన్నుల వలన వచ్చినదే. పన్ను చేరని అమెరికా ధరకును మన పన్నులేని ధరకును నడుమ ఇంకను పదునేడువేలు మిగులుచున్నది; దానికి కంపెనీవారే సమాధానము చెప్పవలయును. సెల్‌ఫోనులపై జి.ఎస్.టి. 2017లో నూటికి 12 వంతులు. 2020 ఏప్రిలు 1 నుండి 18 వంతులు. 2025 సెప్టెంబరు 22న పన్నుల అంతరములను సవరించి పెద్ద టెలివిజనులపై పన్నును 28నుండి 18కి దించినపుడు సైతము సెల్‌ఫోనును కదపలేదు. గోడకు తగిలించు విలాసవస్తువును, పేదవాని చేతనుండు నిత్యావసరమును ఒకే త్రాసున తూచిరి.

లక్ష రూపాయల ఫోను కొనలేకపోయిన శ్రీమంతునిపై జాలిచే మేమిది వ్రాయుటలేదు. విమానమెక్కగలవానికి దుబాయి కలదు, డెలావేరు కలదు, అమెరికాలో బావమఱది కలడు. ఎన్నడును విమానమెక్కనివానికేమున్నది? కోత కూలితో పదివేల రూపాయల ఫోనును కొను స్త్రీ అందులో 1,525 రూపాయలు పన్నుగా చెల్లించుచున్నది. ఆమెకు వాపసు చేయు విమానాశ్రయము లేదు. ఆమెకు పచ్చదారి లేదు. తప్పించుకొనగలవాడు తప్పించుకొని, తప్పించుకొనలేనివాడు మోయు పన్ను న్యాయమైన పన్ను కాజాలదు. విదేశమున కొను ప్రతి సెల్‌ఫోనును ఈ అన్యాయమునకు ఒక సాక్ష్యపత్రము.

పన్నును తగ్గించినచో ఖజానాకు నష్టమని ఆర్థికశాఖవారందురు. నష్టము లేదని మేమనము. ఆ నష్టమును బీదవాని చేతిఫోనుపైననే తీర్చుకొనవలయునా యనియే మా ప్రశ్న. ఖరీదైన రకములపై ఉన్న పన్నునే యుంచి, సామాన్యులు కొను రకములపై పూర్వపు 12 వంతులకంటెను తక్కువగా, 5 వంతులకు దించవచ్చును. విదేశపు ఫోనులు వచ్చిపడునన్న భయమా? 2018లో నూటికి 20 వంతులైన దిగుమతి సుంకమును 2024 జులైలో 15 వంతులకు తగ్గించియు మన ఫ్యాక్టరీలు మూతపడలేదు.

స్వదేశి యనగా కూర్పు మాత్రమే కాదనియు మఱవరాదు. తెఱ, కెమెరా, చిప్పు మొదలగు విలువైన భాగములలో అధికభాగము ఇంకను పరదేశములనుండియే వచ్చుచున్నవి. వానిని ఇచ్చట చేయించుటకై 2025లో కేంద్రప్రభుత్వము 22,919 కోట్ల రూపాయల పథకమును ప్రకటించినది. ఆ ధనము మరలు బిగించు శాలలకేగాక మరను కనిపెట్టు శాలలకు దారితీయవలయును. వేతనము పరదేశపు ధరలోకంటె హీనముగానుండి, వస్తువు పరదేశపు ధరకంటె ప్రియముగానుండు పరిశ్రమ ఎంత పెద్దదైనను జాతికి గర్వకారణము కాజాలదు.

మా విన్నపములు నాలుగు. పెద్దవాడైన ప్రతి ప్రయాణికునకు లాప్‌టాపువలెనే ఒక సెల్‌ఫోనును సుంకములేక అనుమతింపుడు. సుంకపు నిబంధనలను తెలుగున వ్రాయింపుడు. సామాన్యుల ఫోనుపై పన్నును తగ్గింపుడు. మన గడ్డపై తమ సరకును కూర్పించుకొను కంపెనీలు ఆ సరకును ఏ దేశమున కొనినను ఇచ్చట హామీని గౌరవించునట్లు నిర్బంధింపుడు.

విదేశములందున్న మన సోదరులకు ఒక మాట. అవసరమైన వస్తువును తెలిసి, లెక్కచూచి, బిల్లుతో కొని, అడిగినచోట నిజము చెప్పి తెచ్చుకొనుడు. అందు దోషము లేదు. ఇంటనున్న బంధువులకును ఒక మాట. రెండేండ్లకొకమాఱు వచ్చువాడు సంచిలో ఏమి తెచ్చెనని చూడకుడు. ఆ ఫోనుకై వాడు ఎన్ని పూటలు గంజి త్రాగెనో మీకు చెప్పడు. వాడు వచ్చుటయే చాలునని వాని ముఖమునే చూడుడు.